పుంటికూర అని కొడితే గోంగూర రావాలి

పల్లీలకి మనవాళ్లు ఎన్ని పేర్లు పెట్టుకున్నారో చూడండి. తెలంగాణలో పల్లీలు, కోస్తాలో వేరుశెనగ గుళ్లు, రాయలసీమలో కొన్నిచోట్ల శెనక్కాయలు, ఇంకొన్నిచోట్ల బుడ్డలు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు పుస్తకాల్లో తెలిసింది గ్రౌండ్‌నట్ ఒక్కటే. మిగతావన్నీ హాస్టల్ మెస్‌లో చట్నీ గురించి గొడవ పడే ఫ్రెండ్స్ దగ్గర నేర్చుకున్నా. ఎంత గొడవైనా మనుషులం కాబట్టి అర్థమైపోతుంది. ఆన్‌లైన్ స్టోర్ సెర్చ్ బాక్స్‌కి అర్థం కాదు.

ఎందుకంటే దాని లోపల ఉండేది ఇన్వర్టెడ్ ఇండెక్స్. పుస్తకం చివర ఉండే పదాల పట్టిక లాంటిది. ఏ పదం ఏ ప్రొడక్ట్‌లో ఉందో రాసిపెట్టుకుంటుంది, అంతే. అమ్మేవాళ్లు 'గోంగూర' అని పెట్టి, కొనేవాళ్లు 'పుంటికూర' అని కొడితే రిజల్ట్స్ సున్నా. సరుకు ఉన్నా లేనట్టే. ఇద్దరికీ నష్టమే.

దీనికి ఎలాస్టిక్‌సెర్చ్, సోలర్ లాంటి వాటిలో సినానిమ్స్ ఫైల్ ఉంటుంది. మామూలు టెక్స్ట్ ఫైలే. 'గోంగూర, పుంటికూర' అని కామా పెట్టి ఒక లైన్ రాస్తే రెండూ సమానం. బాణం గుర్తు పెడితే ఒకవైపే పనిచేస్తుంది. 'పప్పు' అని వెతికితే కందిపప్పు, పెసరపప్పు రెండూ రావొచ్చు. కందిపప్పు అడిగినవాళ్లకి మాత్రం పెసరపప్పు చూపిస్తే ఎలా?

"ఏఐ ఉందిగా, ఇంకా ఈ ఫైళ్లేంటి?" అంటారేమో. 2013లో వచ్చిన వర్డ్‌టువెక్ లాంటి పద్ధతులు, ఒకే రకం మాటల మధ్య కనిపించే పదాల్ని దగ్గరివిగా లెక్కేస్తాయి. ఆ లెక్కలో కందిపప్పు, పెసరపప్పు పక్కపక్కనే కూర్చుంటాయి. 'బుడ్డలు' లాంటి మాటకేమో నేర్చుకోవడానికి సరిపడా టెక్స్టే దొరకదు. స్పెల్లింగ్ కరెక్షన్‌కి వదిలేస్తే శెనక్కాయల్ని శెనగలుగా దిద్దేసే ప్రమాదం ఉంది. అది వేరే సరుకు!

ఇంకో మాట. 'మీ ఉద్దేశం గోంగూరా?' అని అడగడం కూడా నాకు నచ్చదు. పుంటికూర స్పెల్లింగ్ తప్పు కాదు, ఒక ప్రాంతం మాట. ఏమీ అడక్కుండా సరుకు చూపిస్తే చాలు.

2020లో ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ తెలుగులో షాపింగ్ తెచ్చాయి. బటన్ల మీద తెలుగు రావడం మంచిదే. కానీ అన్ని జిల్లాల తెలుగూ సెర్చ్‌లో పనిచేసినప్పుడే ఆ పని పూర్తయినట్టు. సున్నా రిజల్ట్స్ వచ్చిన సెర్చ్‌ల లాగ్ తీసి, ఆ మాటలు తెలిసినవాళ్లతో కూర్చుని చదవాలి. రేపు ఆ కోడ్ రాసేది మనలోనే ఎవరో ఒకరు.

అందుకే మన క్లబ్బే ఒక ఫైల్ మొదలుపెడదాం అంటాను. మొదటి లైన్ నాది: ఆనపకాయ, సొరకాయ. రెండో లైన్ మీ ఊరి నుంచి పంపండి.