ఆవగింజంత ఎరుపు

హైదరాబాదుకూ ఇంగ్లీషువారి స్పిట్‌ఫైర్ విమానానికీ చుట్టరికం వున్నదంటే మా మేనల్లుడు మొదట నమ్మలేదు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాయుసేన 152వ దళం పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం ప్రభువు సొమ్మిచ్చినందుకు దళానికి ఆ పేరు పెట్టి, చిహ్నంలో ఆయన తలపాగా బొమ్మ వేశారు. (ప్రభువుల దానం చివరకు ఎవరి జేబులోదో వేరే చెప్పాలా?)

ఇంకేం! బళ్ళో ప్రదర్శనకు తను కట్టిన స్పిట్‌ఫైర్‌ను హైదరాబాదు విమానం చేసి తీరతానన్నాడు వాడు. ప్లాస్టిక్ బొమ్మ, అసలు దానిలో 72వ వంతు. రెక్కల కొసల మధ్య జానెడు కూడా లేదు. నీళ్ళలో నానబెట్టి జార్చి అంటించే గుర్తుల కాగితం పెట్టెతోపాటే వచ్చింది గాని, అందులో అక్షరాలు వేరే దళానివి. మొదటి రెండక్షరాలు దళానివి, మూడోది ఆ విమానానిది. 152వ దళం వారివి యు, ఎమ్. వాటిని విడిగా తెప్పించుకుని, శ్వాస బిగబట్టి అంటించాడు.

అక్కడ నేను వేలు పెట్టాను. తెలుగు మాస్టారికి విమానాలతో పనేమిటంటారా? ఒక్క అరసున్న వుందా లేదా అని పూటంతా తగువులాడుకునే జాతి మాది.

“ఒరేయ్, ఈ వలయం నడుమ ఎరుపు తప్పు,” అన్నాను. “మన దళం బర్మాలో జపానువాళ్ళతో పోరాడింది. వాళ్ళ విమానాల మీద గుర్తు ఎర్రని సూర్యబింబం. ఆకాశంలో ఎరుపు కనపడితే చాలు, మనవాళ్ళే మనవాళ్ళను కాల్చేస్తారు. అందుకని అక్కడ ఎరుపు తీసేసి, ముదురునీలం మధ్య లేతనీలం వుంచారు.”

చెప్పింది అబద్ధం కాదు. వాడు బుద్ధిగా లేతనీలం కలిపి, ఎరుపులన్నీ కప్పేశాడు. పక్క వలయాల్లో ఎరుపు ఆవగింజంత. రెక్కల మీద కాస్త పెద్దది. కప్పడానికి రెండు గంటలు పట్టింది.

ఆ దళంవారు బర్మాలో విమానం పక్కన దూకుతున్న నల్ల చిరుతను వేసుకునేవారు. అదీ కావాలన్నాడు. పాత ఫొటో ఒకటి సంపాదించి, బొమ్మ పక్కన పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, “మామయ్యా, దీని పంకాకు నాలుగు రెక్కలున్నాయి. మనదానికి మూడే,” అన్నాడు.

నాకు గొంతులో వెలక్కాయ పడింది. పెట్టె తిప్పి చూద్దును గదా, మార్క్ వన్ అని ఇంతింత అక్షరాలతో వుంది! బర్మాలో చిరుత వేసుకున్నది మార్క్ ఎయిట్. 152వ దళానికి మార్క్ వన్ విమానాలున్న 1940లో వాళ్ళు ఇంగ్లండు దక్షిణతీరాన, వార్మ్‌వెల్‌లో వుండి జర్మనులతో పోరాడారు. బర్మా రంగానికి వచ్చింది 1943 ఆఖరులో. ఇంగ్లండు ఆకాశంలో ఆ ఎరుపు వుండవలసిందే. అక్కడ అదే మనవాళ్ళ గుర్తు!

అంటే, నన్నయ పద్యం తెచ్చి పోతన పుస్తకంలో అచ్చువేయించానన్నమాట. అదే పని విద్యార్థి చేస్తే నేను ఎన్ని మార్కులు కోసేవాణ్ణో!

మరునాడే ప్రదర్శన. “పోనీలే మామయ్యా, మేష్టార్లకేం తెలుస్తుంది?” అన్నాడు వాడు, నా మొహం చూసి. ఆ మాటే నాకు మరీ గుచ్చుకుంది. పంకా రెక్కలు లెక్కపెట్టిన కుర్రవాడి చేత ఆ మాట అనిపించింది నేనేగా! “తప్పు నాదిరా. ఎరుపు మళ్ళీ వేద్దాం,” అన్నాను.

రాత్రి పదకొండింటిదాకా కూర్చున్నాం. రెక్కల మీదివి వాడు కుంచెతో వేశాడు. పక్కవి పళ్ళపుల్ల మొనతో నన్ను పెట్టమన్నాడు. ఎడమవైపుది కుదిరింది. కుడివైపుది చెయ్యి వణికి కొంచెం పక్కకు జరిగింది. మా అక్క చూసి, “తిలకం దిద్దినట్టుందిరా తమ్ముడూ,” అన్నది.

కుడివైపు గోడకు ఆనించి పెట్టాడుట బళ్ళో.

చిరుత బొమ్మ మాత్రం వాడి డ్రాయర్‌లో భద్రంగా వున్నది. మార్క్ ఎయిట్ నేనే కొనిపెట్టాలని షరతు. ధర కనుక్కున్నాను. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.