‘ఇప్పుడు ఏ చర్చికి వెళ్తున్నారు?’

మీ బంధువుల్లోనో, మీ చర్చిలోనో ఇలాంటివారు ఒకరైనా ఉండే ఉంటారు. ఏళ్ల తరబడి ఒకే ప్రార్థన సంఘాన్ని అంటిపెట్టుకుని ఉండి, ఉన్నట్టుండి మానేస్తారు. పెళ్లిలో కనపడగానే మనం అడిగే మొదటి మాట, ‘ఇప్పుడు ఏ చర్చికి వెళ్తున్నారు?’ ‘ఎలా ఉన్నారు?’ అని మాత్రం అడగం.

నిజానికి అడగాల్సింది అదే. కొన్ని సంఘాల్లోంచి బయటికి రావడమంటే చర్చి మారినంత తేలిక కాదు. దశమభాగం సరిగ్గా ఇచ్చారో లేదో లెక్కలు చూడటం, అమ్మాయికి ఏ సంబంధం చేయాలో పాస్టరుగారే తేల్చడం, బీపీ మాత్ర వేసుకుంటే విశ్వాసం చాలలేదనడం, ప్రశ్నించినవారిని అందరి ముందూ నిలబెట్టి మందలించడం, వెళ్లిపోతే పిల్లలకు కీడు జరుగుతుందని బెదిరించడం... ఇదంతా ఆధ్యాత్మిక వేధింపే. అమెరికాలో డేవిడ్ జాన్సన్ మరొకరితో కలిసి 1991లోనే దీనిమీద పుస్తకం రాశారు. ఆయన మతాన్ని తిట్టే మనిషి కాదు, స్వయంగా పాస్టర్.

అంతకాలం భయంలో బతికిన శరీరం గేటు దాటగానే కుదుటపడదు. నిద్ర పట్టదు. ఎప్పుడూ పాడుకున్న పాట వినపడితే గుండెదడ. బైబిలు తెరవాలంటే చేతులు వణుకుతాయి. పిల్లాడికి జ్వరమొస్తే, ‘శాపం తగిలిందేమో’ అని అనుమానం. దీన్ని మనం ‘విశ్వాసంలో చల్లారిపోయారు’ అనేస్తాం.

‘మనుషుల్ని చూడకు, దేవుణ్ణి చూడు’, ‘క్షమించేయమ్మా’, ‘లోపాల్లేని సంఘం ఎక్కడుంది?’ మంచి మనసుతోనే అంటాం. కానీ అక్కడ వారి నోరు మూయించింది సరిగ్గా ఈ మాటలే. నకిలీ డాక్టరు చేతిలో దెబ్బతిన్నవారితో ‘ఏ ఆస్పత్రిలో లోపాల్లేవు?’ అంటామా? అభిషిక్తుల జోలికి పోకూడదని 105వ కీర్తన గుర్తుచేసేవారు, మందను మేపకుండా తమ కడుపు నింపుకున్న కాపరుల గురించి యెహెజ్కేలు 34వ అధ్యాయం ఏమంటుందో కూడా ఒకసారి చదవాలి.

కాబట్టి మీ ఇంటికొస్తే భోజనం పెట్టండి, చెబితే వినండి. చెప్పింది మీ పాస్టరుగారి దాకా మోయకండి. దయ్యం వదిలించే ప్రార్థనకు ససేమిరా లాక్కెళ్లకండి. ఆదివారం ఇంట్లో ఉంటే ఉండనివ్వండి. వారిలో చాలామంది దేవుణ్ణి వదల్లేదు, మళ్లీ ఒక గుంపును నమ్మే ధైర్యం ఇంకా రాలేదంతే.

నిద్రలేమి, భయం వారాల తరబడి తగ్గకపోతే సైకియాట్రిస్టుకో, క్లినికల్ సైకాలజిస్టుకో చూపించాలి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లోనే తన మార్గదర్శిలో మత, ఆధ్యాత్మిక సమస్యలకు చోటిచ్చింది, జబ్బుగా కాదు, వైద్యులు పట్టించుకోవాల్సిన అంశంగా. ‘ఆ మతమేదో వదిలేస్తే పోలా’ అని తీసిపారేసే కౌన్సెలర్ తగిలితే మాత్రం ఇంకొకరిని వెతకండి, అదీ వినకపోవడమే. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు. టెలిమానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.