పతకానికి ముందే చేయూత

పారిస్ పారాలింపిక్స్‌ 400 మీటర్ల టి20 (మేధో వైకల్యం గలవారి విభాగం) పరుగులో కాంస్యం గెలిచిన వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తికి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయల నగదు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించడం హర్షణీయం. అయితే ఈ ఆదరణంతా మెడలో పతకం పడ్డాక వచ్చిందన్న సంగతిని విస్మరించరాదు. కూలి పనులతో పొట్టపోసుకునే కుటుంబంలో పుట్టి, ఊళ్లో సూటిపోటి మాటలు పడిన ఆ అమ్మాయి వేగాన్ని చిన్ననాడే గుర్తించినవారున్నారు. నాగపురి రమేశ్ వంటి శిక్షకుడు దొరికారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్ల ప్రపంచ రికార్డు ఆ పునాది మీద నిలిచిందే. అలా గుర్తించేవారు లేని బడుల మాటేమిటి? వ్యాయామ ఉపాధ్యాయుడు లేనిచోట ఆటల పీరియడ్ లెక్కలకో, సైన్సుకో పోతోంది. మండల పోటీల్లో వట్టి కాళ్లతో పరిగెత్తి గెలిచిన పిల్ల, జిల్లా పోటీలకు వెళ్లాలంటే బస్సు చార్జీల కోసం ఎవరినో అడగాలి. స్పైక్ బూట్ల ఊసే ఉండదు. పదో తరగతి దాటేసరికి ఆటకే దూరమవుతుంది, ఆ నష్టం ఏ లెక్కల్లోనూ చేరదు. పుట్టుకతో వచ్చిన సత్తా జీవనాధారం కావాలంటే ఏళ్ల తరబడి శిక్షణ, పౌష్టికాహారం, గాయమైతే వైద్యం అందాలి. అన్నిటికీ మించి, ఓడిన ఏడాది కూడా వెన్నంటి నిలిచే వ్యవస్థ ఉండాలి. విజేతలకిచ్చే నజరానాలను తగ్గించమనడం లేదు. ఖాళీగా ఉన్న వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులను వెంటనే భర్తీ చేయాలి. మండల స్థాయి విజేతల ప్రయాణ, ఆహార, శిక్షణ ఖర్చులను గెలిచిన ఏడాది నుంచే ప్రభుత్వం భరించాలి.