అంకె వచ్చింది సరే, కొలత వచ్చిందా?



ముందుగా నేను చేసిన ఒక తప్పు చెప్పి, ఆ తరువాత అసలు విషయానికి వస్తాను.

కొన్నేళ్ళ క్రితం ఒక వైజ్ఞానిక ప్రదర్శనలో నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఒక బల్ల మీద ఎలక్ట్రిక్ గిటారు, ఆర్డుయినో ఊనో బోర్డు, కంప్యూటరు ఉన్నాయి. తెర మీద ఒక అల అందంగా కదులుతోంది. "గిటారు శబ్దాన్ని అంకెలుగా మార్చాం సార్" అన్నారు పిల్లలు. మెచ్చుకొని పదికి తొమ్మిది మార్కులు వేశాను. పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయి గిటారు సంకేతాన్ని పెద్దది చేసే చిన్న సర్క్యూటును తానే సోల్డరింగ్ చేసి తయారుచేసింది. తెర లేదు, రంగులు లేవు. ఆ అమ్మాయికి ఆరు మార్కులు వేశాను.

సాయంత్రం సామాను సర్దుతున్నప్పుడు చూస్తే, మొదటి బల్ల మీద గిటారు వైరు ప్లగ్గు దగ్గర ఊడిపోయి ఉంది. అయినా తెర మీద అల ఆగలేదు! అది గిటారు శబ్దం కానే కాదు. గదిలోని కరెంటు లైన్ల నుంచి ఆ ఊడిన వైరు పట్టుకున్న 50 హెర్ట్జ్‌ల రొద. పిల్లలకు ఆ సంగతి తెలియదు. నేనూ ఒక్క ప్రశ్న అడగలేదు. అప్పటికే బహుమతులు పంచేశారు.

ఆ రోజు నుంచి నా మనసులో ఉన్న మాట ఇది. తెర మీద అంకె వచ్చినంత మాత్రాన అది కొలత కాదు. ఆ అంకె పుట్టడానికి ముందు జరిగే పనిలోనే సగానికి పైగా సైన్సు ఉంది. దాన్ని వదిలేసి అంకెను మాత్రమే మెచ్చుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్లు.

ఎందుకో గిటారుతోనే చూద్దాం. ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అందులో అయస్కాంతాల చుట్టూ చాలా సన్నని రాగి తీగను కొన్ని వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కంపిస్తే, ఆ చుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారుతుంది. దానితో చుట్టలో వోల్టేజి పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయించిన ఎలక్ట్రిక్ మాండలిన్‌లో పనిచేసిందీ ఈ సూత్రమే.

అయితే ఆ వోల్టేజి చాలా చిన్నది. ఒక మాదిరిగా మీటితే సున్నాకు పైకి 100, కిందికి 100 మిల్లీవోల్టులు వస్తుందనుకుందాం. మరి ఆర్డుయినో ఊనోలోని కన్వర్టరు ఏం చేస్తుంది? 0 నుంచి 5 వోల్టుల వరకు ఉన్న మేరను 1,024 మెట్లుగా విభజించి, వచ్చిన వోల్టేజి ఏ మెట్టు మీద ఉందో చెబుతుంది. ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. గిటారును తిన్నగా కలిపితే, సున్నాకు దిగువనున్న సగం అల దానికి కనబడదు. పైగా ఆ రుణ వోల్టేజి ఎక్కువైతే చిప్పుకే ప్రమాదం. పై సగానికి దక్కేవి 20 మెట్లు. మెల్లగా మీటిన స్వరానికైతే ఒకటో రెండో! బియ్యం బస్తాలు తూచే కాటా మీద ముక్కుపుడకను తూచినట్లుంటుంది.

కనుక కన్వర్టరుకు ముందు రెండు పనులు జరగాలి. మొదటిది, అలను సున్నా దగ్గర నుంచి 2.5 వోల్టుల దగ్గరకు ఎత్తాలి. రెండు సమాన నిరోధాలతో 5 వోల్టులను సగం చేసి, ఒక కెపాసిటర్ ద్వారా గిటారు సంకేతాన్ని అక్కడ కలిపితే చాలు. రెండవది, అలను పెద్దది చేయాలి. 5 వోల్టులతో పనిచేసే ఆప్-ఆంప్ చిప్పుకు 200 కిలో ఓమ్‌లు, 10 కిలో ఓమ్‌ల నిరోధాలు పెడితే సంకేతం 21 రెట్లవుతుంది. 200 మిల్లీవోల్టుల ఊపు 4.2 వోల్టులవుతుంది. ఇప్పుడు దానికి దక్కేవి సుమారు 860 మెట్లు!

ఆ అమ్మాయి చేసింది సరిగ్గా ఇదే. తరువాత ఒక రోజు అడిగితే చెప్పింది. మొదట ఎంత మీటినా అంకె 1,020 దగ్గరే నిలిచిపోయిందట. బోర్డు పాడైందని అందరూ అన్నారట. ఆమె మూడు రోజులు వెతికింది. 10 కిలో ఓమ్‌ల నిరోధాన్ని తిన్నగా గ్రౌండుకు కలపడం వల్ల, అలతో పాటు 2.5 వోల్టులు కూడా 21 రెట్లు కాబోతున్నాయి. అంటే 52 వోల్టులు! ఉన్నవి 5 వోల్టులే గనుక చిప్పు పైకప్పుకు అతుక్కుపోయింది. ఆ నిరోధానికి వరుసలో ఒక కెపాసిటర్ పెట్టింది. నిలకడ వోల్టేజి దాని గుండా పోదు కాబట్టి అల మాత్రమే పెద్దదైంది. ఈ మూడు రోజుల చదువుకు నేను ఆరు మార్కులు వేశాను.

ఇంకొక చిక్కు ఉంది. సినిమాలో జట్కా బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్లు కనబడడం మీరు చూసే ఉంటారు. కెమెరా చక్రాన్ని విడివిడి బొమ్మలుగా చూడడం వల్ల కలిగే భ్రమ అది. కన్వర్టరు కూడా అంతే. సెకనుకు 8,000 సార్లు చూస్తే, 4,000 హెర్ట్జ్‌లకు లోపు శబ్దాలనే నిజంగా పట్టుకోగలదు. 5,000 హెర్ట్జ్‌ల అతిస్వరం 3,000 హెర్ట్జ్‌ల వేషంలో వస్తుంది. అంకెలయ్యాక ఏది అసలో ఏది వేషమో కంప్యూటరు కూడా చెప్పలేదు. అందుకే కన్వర్టరు గుమ్మంలోనే వడకట్టాలి. 10 కిలో ఓమ్‌ల నిరోధం, 4.7 నానోఫారడ్‌ల కెపాసిటర్ కలిస్తే సుమారు 3,400 హెర్ట్జ్‌ల దగ్గర నుంచి పై శబ్దాలు క్రమంగా తగ్గుతాయి.

"ఇవన్నీ అమర్చిన మాడ్యూలు బజారులో చవకగా దొరుకుతుంది కదా సార్, ఎందుకీ శ్రమ?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కొనడం తప్పని నేను అనను. నేనూ కొంటాను. కాని కొన్నదాన్ని కూడా పరీక్షించే తెలివి మనకుండాలి. ఆ తెలివి డబ్బుతో రాదు. చిన్న పరీక్షలు చాలు. వైరు ఊడదీయండి. అల అలాగే ఉంటే అది మీది కాదు. తరువాత గిటారులో 110 హెర్ట్జ్‌లకు శ్రుతి చేసిన ఐదవ తీగను మీటండి. సెకనుకు 8,000 అంకెలు వస్తుంటే, ఒక శిఖరం నుంచి తరువాతి శిఖరానికి సుమారు 73 అంకెలుండాలి. లెక్కపెట్టండి. కుదిరితే మీది కొలత. కుదరకపోతే ఇంకా మంచిది, నేర్చుకోవలసినది మిగిలి ఉందన్నమాట.

నా తోటి ఉపాధ్యాయులకూ ఒక మనవి. ప్రదర్శనలో తెరను చూసి మార్కులు వేయకండి. "ఈ అంకె నిజమని నీకెలా తెలుసు?" అని అడిగి, జవాబును బట్టి వేయండి. "మొదట పాడైంది సార్, ఇలా సరిచేశాను" అనే పిల్లకు ఎక్కువ వేయండి. నేను వేయలేదు. ఇప్పుడు ప్రతి ప్రదర్శనలోనూ ముందు వైరు ఊడదీసి చూస్తున్నాను.