హిమతీరమున నాలుగు గంటలు

గడచిన సంక్రాంతి సెలవులలో మేమొక మిత్రుని యింటికి విందునకు పోయి, భోజనానంతరము ఆ దంపతులు చేసివచ్చిన ఉత్తరధ్రువ నౌకాయాత్రా చిత్రములను చూచితిమి. మిత్రుడు సజ్జనుడు, బహుగ్రంథపరిచయము గలవాడు. విదేశమున ఉద్యోగము చేయు కుమారుడు తల్లిదండ్రుల ముచ్చట తీర్పనెంచి వారిని కెనడా దేశపు ఉత్తరపు కొసకు పంపెనట. మంచుకొండలు, తెల్ల యెలుగుబంట్లు, నీటిలోనుండి తలలెత్తి చూచు సీలులు గోడమీది తెరపై వరుసగా సాగిన పిమ్మట ఒక వృద్ధురాలి ముఖము వచ్చెను. లోతైన ముడుతలు, బొచ్చుటంచు గల కోటు, కెమెరా నుండి పక్కకు తిరిగిన చూపు. "అన్నింటిలోను ఇదే మంచి ఫోటో" అని మిత్రుడు మురిసెను. ఆయన మనుమరాలు, ఎనిమిదేండ్ల పిల్ల, "తాతయ్యా, ఈ మామ్మగారి పేరేమిటి?" అని యడిగెను. ఎవరికిని తెలియదు. "పోనీ, అడిగి తీసుకున్నారా?" అని మరల నడిగెను. పొద్దుపోయినదని పిల్లను పడుకొనబెట్టిరి.

ఆ రెండు ప్రశ్నలను పెద్దల యెదుట మరల వేయుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. మిత్రునిమీద మాకు కోపము లేదు. ఆ రాత్రి ఆయన మాటలకెల్ల తలయూపినవారిలో మేమును ఒకరము.

ఆ వృద్ధురాలి గ్రామము గ్రీస్ ఫియర్డు. కెనడాలోని నునావుట్ ప్రాంతమున, ఎల్స్‌మియర్ ద్వీపపు దక్షిణతీరమున, 76 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు పైన నున్నది. 2021 జనగణనలో అచ్చటి జనము 144 మంది. ఇనుయిట్ భాషలో దాని పేరునకు ఎన్నడును కరగని చోటని యర్థము. శీతకాలమున మూడుమాసములకు పైగా సూర్యుడు కనబడడు. బరువైన సరకులు తెచ్చు ఓడ యేటికొకసారి వచ్చును. వేసవి చివర మంచు విచ్చిన కొన్ని వారములలోనే యాత్రికుల నౌకలును వచ్చును. ఒక్కొక్క నౌకలో ఊరి జనమునకు మించిన జనముండుట కలదు. అందరును రబ్బరు పడవలలో దిగి, ఒకే రంగు కోట్లు తొడిగి, గులకరాళ్ల బాటవెంట నడచి, డప్పుపాట విని, తేనీరు త్రాగి, రాతిబొమ్మ యొకటి కొని, చీకటి పడకముందే, అచ్చట వేసవిలో చీకటియే లేదనుట వేరు సంగతి, నౌక యెక్కి భోజనపు బల్లల ముందు కూర్చుందురు. మా మిత్రుడు అచ్చట గడపినది నాలుగు గంటలు.

ఆ నాలుగు గంటల ఫలముగా ఆయన మాకు చెప్పిన తీర్పు ఇది: "ఇంత చలిలో ఏల పడియున్నారో తెలియదు. పుట్టిన గడ్డ మమకారము, పాపము!" మేమందరము జాలిపడితిమి. ఇంటికి వచ్చి చదివినపుడు సిగ్గుపడితిమి. ఆ ఊరిని మొదట నిలిపినవారికి అది పుట్టిన గడ్డయే కాదు!

1953లో కెనడా ప్రభుత్వమువారు హడ్సను అఖాతపు తూర్పుతీరమున నున్న ఇనుక్జువాక్ అను గ్రామమునుండి కొన్ని కుటుంబములను సి.డి. హౌ అను నౌకలో నెక్కించి, సుమారు రెండువేల కిలోమీటర్లు ఉత్తరమునకు తీసికొనిపోయిరి. 1955లో మరికొందరిని కొనిపోయిరి. అచ్చట వేట సమృద్ధిగా నుండునని చెప్పిరి. నచ్చకున్న రెండేండ్లకు తిరిగి తెచ్చెదమని మాట యిచ్చిరి. బంధువులు కలిసియే యుందురని నమ్మి వారు నౌక యెక్కిరి. నడిసముద్రమున, కొందరు ఎల్స్‌మియర్ ద్వీపమునకు, కొందరు దూరముననున్న రెజల్యూట్‌నకు పోవలెనని తెలిసినది. ఆ యేడుపు విని నౌకమీది కుక్కలును మొరపెట్టినవని నాటివారు చెప్పుకొందురు. చేపలు, పక్షులు, నేలపండ్లు తిని పెరిగిన ఆ జనము, మూడుమాసముల రాత్రి యెట్టిదో యెరుగని జనము, మొదటి చలికాలమును గుడారములలో గడపినది. కస్తూరివృషభములు కంటియెదుట మేయుచుండెను. వానిని చంపుట చట్టవిరుద్ధమని పోలీసువారు చెప్పియుండిరి. వేట సమృద్ధి యన్నమాట అబద్ధము కాదు, తినుటకు మాత్రము వీలు లేదు!

ఇదంతయు ఏల? ఇనుక్జువాక్ చుట్టుపట్ల వేట తగ్గి, జనము ప్రభుత్వసాయముపై నాధారపడుచున్నదని ఆ ప్రభుత్వమువారి సమాధానము. నిర్జనమైన ద్వీపములు పరదేశముల పాలుగాకుండ, తమ జెండాకు సజీవములైన కొయ్యలుగా తమ్మచట పాతిరని తరలింపబడినవారి వాదము. 1994లో ఆదిమజాతుల రాజసంఘమువారు విచారించి, తరలింపునకు గల కారణములలో ఈ ప్రభుత్వాధికార చింతయు నొకటి యని తేల్చిరి. రెండేండ్ల మాట చెల్లలేదు. తిరిగిపోవగోరినవారికి ప్రభుత్వ సాయము దొరకుటకు 1980ల చివరివరకు పట్టినది. 1996లో కోటి డాలర్ల నిధి నిచ్చిరి. క్షమాపణ వచ్చుటకు 2010 ఆగస్టు 18 కావలసివచ్చెను. రెండేండ్లకు తెచ్చెదమన్నవారు క్షమింపుడనుటకు ఏబదియేడేండ్లు తీసికొనిరి.

పేరు సంగతి మరియొకటి కలదు. 1941 మొదలు ఆ ప్రభుత్వమువారు ప్రతి ఇనుయిట్‌నకు సంఖ్య చెక్కిన చిన్న బిళ్ల నొకటి యిచ్చి, ఎప్పుడును దగ్గర నుంచుకొనుమనిరి. ఆ పేర్లు తమ నోటికి తిరుగవట, వ్రాయుటకు కుదరవట. చచ్చిన పెద్దల పేర్లను పుట్టిన బిడ్డలకు పెట్టి, ఆ పేరుతోనే పెద్దవారిని బ్రతికించుకొను జాతికి అంకె తగిలించిరి. 1970 ప్రాంతమున ఇంటిపేర్లు చేర్చువరకు ఈ యేర్పాటు సాగెను. మా మిత్రుని తెరమీది వృద్ధురాలు చిన్ననాడు అట్టి బిళ్లను మోసినదేమో! ఆమె పేరు అడుగుట కెవ్వరికిని తీరిక లేకపోవుట ఇది మొదటిసారి కాదు.

చూడవచ్చినవారి చరిత్రయు వారికి క్రొత్తది కాదు. 1922లో 'నానుక్ ఆఫ్ ది నార్త్' అను చలనచిత్రము ప్రపంచమంతట ఆడెను. అది తీయబడినది ఈ ఇనుక్జువాక్ ప్రాంతముననే. అందు కథానాయకుడు గ్రామోఫోను రికార్డును కొరికి చూచును. జనము విరగబడి నవ్వెను. అతని పేరు నానుక్ కాదు, అల్లకరియల్లక్. గ్రామోఫోను అతనికి తెలిసినదే, తుపాకియు తెలిసినదే. తీయువాడు కోరినట్లు ఆడెను. ఆ తీసిన రాబర్టు ఫ్లాహర్టీ దొర మరల ఆ తీరమునకు పోలేదు. ఆ యూరి స్త్రీయందు ఆయనకు గలిగిన కుమారుడు తండ్రి ముఖ మెరుగక పెరిగి, 1955లో ఆలుబిడ్డలతో గ్రీస్ ఫియర్డునకు తరలింపబడినవారిలో నొకడయ్యెను. చిత్రమును చూచి నవ్వినవారిలో, ఆ జనమేమైనదని తరువాత విచారించినవారెందరు?

మిత్రుని భార్యకు ఆ యూరిలో చట్రమునకు బిగించి ఆరబెట్టిన సీలుచర్మము కనబడెను. "చూడలేక కళ్లు మూసుకున్నానండీ" అని ఆమె చెప్పినది. ఆమె దయాగుణమును మేము శంకింపము. కాని ఆ కనికరమునకును ఒక చరిత్ర కలదు. 1972లో అమెరికావారు సముద్రజంతువుల చర్మములను తమ దేశమునకు రానీయకుండ చట్టము చేసిరి. 1983లో ఐరోపావారు తెల్లని సీలుపిల్లల చర్మములను నిషేధించిరి. 2009లో సీలు సరకుల కన్నింటికిని తలుపు మూసిరి. ఇనుయిట్ల వేటకు మినహాయింపు వ్రాసిరి గాని, బజారు పడిపోయిన పిమ్మట మినహాయింపును కొనువాడెవడు? వారు వేటాడునది పిల్లలను కాదు. మాంసము తిని, చర్మము అమ్మి, ఆ డబ్బుతో తూటాలు, నూనె కొనుక్కొను సంసారములవి. కూరగాయ మొలవని నేలమీద నిలబడి మాంసాహారమును గూర్చి నిట్టూర్చు మనము, నౌకకు తిరిగిపోయి ఏ దేశమునుండి విమానములో వచ్చిన పండ్లను తినుచున్నామో యడుగుట లేదు. మేమును శాకాహారులమే గనుక ఈ మాట చెప్పుటకు మాకు కొంత స్వేచ్ఛ కలదు.

యాత్రికులు రాకున్న వారికి డబ్బెక్కడిదని మిత్రుడు వాదించెను. నిజమే, రాతిబొమ్మ చెక్కువానికి, దారి చూపువానికి, పాడినవారికి ఆ దినమున నాలుగు డాలర్లు ముట్టును. పోవలదని మేమనుట లేదు. బొమ్మకు బేరమాడక వెల యిచ్చినవారిని మెచ్చుకొందుము. నౌకలు గ్రామసభతో ముందుగా మాటలాడుకొనియే వచ్చుననియు నెరుగుదుము. కాని వీథిలో నడువుడని గ్రామసభ చెప్పవచ్చును. నా ముఖమును తీసికొనుడని చెప్పవలసినది ఆ ముఖము గలవారే. అనుమతి లేక మనుష్యుల ఫోటోలు తీయరాదని ధ్రువయాత్రా నౌకలవారే నియమములు అచ్చువేసి యిచ్చుచున్నారు. పట్టభద్రులకు ఈ మాట అచ్చులో చెప్పవలసివచ్చినదా!

మేము బడిలో పిల్లలకు అతిథిశబ్దమునకు వ్యుత్పత్తి చెప్పుచుందుము: తిథి నియమము లేక వచ్చువాడు. ఆ వెంటనే ఇంటివాడు కాళ్లకు నీళ్లీయవలెనని, ఆసనము వేయవలెనని, తాను తినకముందు పెట్టవలెనని చెప్పుదుము. వచ్చినవాడు ఏమి చేయవలెనో చెప్పిన జ్ఞాపకము మాకు లేదు. పరుల యింటికి పోయినపుడు ఇంటిల్లిపాది పేర్లు అడిగి, కుశలమడిగి, వారు చూపినంతయే చూచి వచ్చుట మన యిండ్లలో ముసలివారికి తెలిసిన మర్యాదయే. టిక్కెట్టు కొన్నంతనే అది యెట్లు జారిపోవుచున్నది? మన వాకిట ముప్పదిమంది తెల్లదొరలు దిగి, పెరటిలో పిడకలు చరచుచున్న మన యమ్మను పేరడుగక ఫోటో తీసికొని, "ఇంత యెండలో ఏల పడియున్నారో" యని జాలిపడి పోయిన, మనమేమి వ్రాసియుందుమో పాఠకులు ఊహింపగలరు.

మిత్రుని చిత్రములలో మరియొకటి కలదు. సముద్రపు టొడ్డున రాతిలో చెక్కిన తల్లియు బిడ్డయు. వారి ముందు మిత్రదంపతులు చేతులు పట్టుకొని నవ్వుచు నిలిచియున్నారు. తరలింపబడినవారి స్మృతిగా 2010లో నిలిపిన విగ్రహమది. రెజల్యూట్‌లో దానికి జతగా ఒంటరి పురుషుని విగ్రహ మొకటి కలదు. నౌకమీద విడదీసిన కుటుంబములకు గుర్తుగా ఒకరు రెండవవారి దిక్కునకు చూచునట్లు వానిని నిలిపిరి. మేము ఈ సంగతి ఫోనులో చెప్పగా మిత్రుడు కొంతసేపు పలుకలేదు. తరువాత, "అచ్చట ఫలకముండెను, చదువుటకు వ్యవధి లేకపోయినది" అనెను.

వచ్చు ఆగస్టులో మా యెరికవారు మరి రెండు కుటుంబములవారు ఆ నౌకలోనే పోవుచున్నారు. వృద్ధురాలి ఫోటో ప్రతి నొకదానిని వారిచేత పంపి ఆమెకే యిప్పింపుమనియు, ఆమె పేరు కనుగొని మనుమరాలికి చెప్పుమనియు మిత్రునకు ఉత్తరము వ్రాసితిమి. నూట నలుబదినలుగురిలో ఒక మామ్మను వెదకుట కష్టము కాదు. ఆయనవద్దనుండి ఇంకను జవాబు రాలేదు.