రంపెకు అద్దాల పెట్టె కాదు, సానరాయి కావాలె

పోయిన దసరాకు కర్ఖేలి ఇంట్లో అందరం కూడినం. ఆయుధపూజ రోజు, ఇక్కడివాళ్లు ఖండే నవమి అంటారు. అటక మీది గోనెసంచి దించితే ముత్తాత పనిముట్లు బయటపడ్డాయి. రెండు రంపెలు, మూడు ఆరెలు, ఒక కొయ్య సుత్తి, ఇనుప దాగలి, నడుమ గుంటపడ్డ సానరాయి. పసుపు కుంకుమ పెట్టినం, కొబ్బరికాయ కొట్టినం. ఆ తర్వాత మొదలైంది లొల్లి.

పుణెలో ఉండే కాకా అన్నాడు: "వీటికి వార్నిష్ కొట్టించి, అద్దాల పెట్టెలో పెట్టి హాల్లో తగిలిద్దాం. మన హెరిటేజ్ కదా." పెద్దత్త ఊరుకోలేదు. "ఆ దరిద్రం మళ్లీ ఇంట్లకు ఎందుకురా? పాత ఇనుపోనికి ఇచ్చెయ్యుండ్రి. సంబంధం మాట్లాడనీకి వచ్చినోళ్లు చూస్తే ఏమనుకుంటరు?"

రెండు మాటలూ మాకు తప్పే. ఎందుకో రాస్తున్నాం. కోపం వస్తే రానివ్వండి.

ముందు అత్త మాట. అది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. మన మాదిగ పెద్దలు తోలు పనిని ముచ్చటపడి ఎంచుకోలేదు. నిజాం కాలంలో అది వెట్టి. ఊరందరికీ చెప్పులు కుట్టాలి, బావి మోటకు తోలు బొక్కెన కట్టాలి, డప్పు మూయాలి, చచ్చిన గొడ్డును ఈడ్వాలి. దానికి దక్కింది కల్లంలో నాలుగు దోసిళ్ల గింజలు, ఊరవతల గుడిసె. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానేయమని చెప్పింది ఈ బతుకు చూసే. అత్తకు ఆ పనిముట్లలో లంద వాసనే వస్తుందంటే ఆమె తప్పేం లేదు.

కానీ అత్తా, వదిలించుకోవాల్సింది వెట్టిని, ఆ నామోషీని. చేతిలో ఉన్న విద్యను కాదు. ఎద్దు తోలును తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి, గట్టి అంచును రంపెతో కాగితమంత పల్చగా చెక్కిన మనిషి పనిలో ఏం తక్కువ ఉంది? తక్కువ ఉన్నది కూలి ఇవ్వని ఊరిలో. ఆ సిగ్గు మనం మోయడమెందుకు? పనిముట్లు పారేస్తే వెట్టి చేయించుకున్నోళ్ల మీద సాక్ష్యం కూడా పోతుంది.

ఇప్పుడు కాకా మాట. కాకా, వార్నిష్ పూసిన రంపె పనిముట్టు కాదు, దాని ఫొటో. దేశమంతా ఇదే నడుస్తోంది. కొల్హాపురి చెప్పుకు 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, మహారాష్ట్ర కర్ణాటక రెండింటికీ కలిపి. 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా వాళ్లు అలాంటి చెప్పులే తొడిగి మోడళ్లను నడిపిస్తే అందరికీ రోషం పొడుచుకొచ్చింది. మంచిదే. కానీ రోషం వచ్చినవాళ్లలో ఎంతమందికి రంపె పట్టడం వచ్చు? చెప్పుకు పేరొచ్చింది, చెప్పు కోసిన చేతికి రాలేదు.

అదే అనంతపురం వైపు నిమ్మలకుంట చూడండి. మనం మహారాష్ట్రలో తెలుగు మాట్లాడుతుంటే, అక్కడి తోలుబొమ్మల కుటుంబాలు ఆంధ్రలో ఉండి ఇంట్లో మరాఠీ యాస మాట్లాడుతాయి. ఆట చూసేవాళ్లు తగ్గితే వాళ్లు ఉలి పక్కన పడేయలేదు. అదే మేకతోలు మీద అదే చిల్లులు కొట్టి దీపాల తొడుగులు చేసి అమ్ముతున్నారు. వాళ్లలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఉలి అద్దాల పెట్టెలో ఉంటే ఇది జరిగేదా?

అందుకే పండుగయ్యాక మేము చేసింది ఇది. సానరాయి గుంటను ముందు సరిచేసినం. అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి రాయిని రుద్దితే మట్టమవుతుంది. గుంట రాయి మీద అంచు తిన్నగా రాదు. తర్వాత రంపె. దుకాణంలో గ్రైండర్ చక్రం మీద పెట్టిస్తే నిమిషంలో అయిపోతుందని ఒక బావ అన్నాడు. ఒప్పుకోలేదు. వేడికి అంచు నీలం తిరిగితే ఉక్కు నీరు పోయినట్టే, తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. చేత్తోనే, నీళ్లు చల్లుకుంటూ, ఏటవాలు వైపు ఒకే వాలులో నూరాలి. వెనక వైపు వేలికి సన్నని కరుకు అంచు పొడవునా తగిలేదాకా ఆపొద్దు. తగిలాక ఆ వైపును రాయి మీద బల్లపరుపుగా ఆనించి కరుకు తీసేయాలి. చివరకు పాలిష్ పూసిన తోలు పట్టీ మీద వెనక్కే లాగాలి, ముందుకు తోస్తే పట్టీ తెగుతుంది. తోలు ముక్కను కోసి చూడండి. కోత నున్నగా మెరిస్తే పదును వచ్చినట్టు, నూగు లేస్తే రానట్టు. చేతులు తెగేది పదునైన రంపెతో కాదు, మొద్దు రంపెను బలవంతంగా తోసినప్పుడు.

ఆరె మొనను కూడా నున్నగా తోమాలి, కుట్టేటప్పుడు మైనంలో గుచ్చుకోవాలి. గరుకు మొన తోలును చీలుస్తుంది. పనయ్యాక నూనె గుడ్డతో తుడిచి గుడ్డలోనే చుట్టాలి. అందానికని తోలు ఒరలో పెట్టకండి, తంగేడు తోలు ఇనుమును తుప్పు పట్టిస్తుంది.

కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఆన్‌లైన్‌లో యాభై ముక్కల పెట్టె కొనివ్వకండి. అందులో పదును నిలిచేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే డబ్బుకు ఒక మంచి రంపె, ఒక ఆరె, ఒక రాయి వస్తాయి. మిషన్ కావాలంటే చీర ఫాల్ కుట్టే ఇంటి మిషన్‌ను హింసించకండి. సింగర్ 29కె లాంటి పాత చెప్పుల మిషన్ దొరికితే చూడండి, దాని పాదం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. కొనేముందు చక్రం చేత్తో తిప్పి, తోలు ముక్క మీద కుట్టు పైనా కిందా సమంగా పడుతోందా చూడాలి. సూది తోలుదే వేయాలి, దాని మొన కోస్తుంది. కుట్లు మరీ దగ్గర పడితే తోలు పోస్టల్ స్టాంపులా చిరుగుతుంది. కొబ్బరినూనె అసలొద్దు, జిగురై పట్టేస్తుంది.

ఇంకో ముచ్చట. 1956లో హైదరాబాద్ రాష్ట్రం విడిపోయి మన ఊరు బొంబాయి వైపు పోయింది, 1960లో మహారాష్ట్ర అయింది. బడి మరాఠీ అయ్యాక రంపె మెల్లగా 'రాపీ' అయింది. కన్నడ బడిలో చదివిన మాకు 'రంపిగె' తెలుసు. మూడూ ఒకే కత్తి. వాడుతుంటేనే పేరు బతుకుతుంది, అద్దం వెనక ఉన్నదాన్ని ఎవరూ పేరు పెట్టి అడగరు.

పిల్లలు తోలు పనితోనే బతకాలని మేము అనడం లేదు. ఇంజనీర్లు కానివ్వండి, నర్సులు కానివ్వండి. ఒక్క బెల్టు, ఒక్క చెప్పు పట్టీ తమ చేత్తో కుట్టడం మాత్రం వాళ్లకు రావాలి. ఆ పని ఎవరు, ఏ కూలికి చేశారో కూడా పక్కన కూర్చోబెట్టి చెప్పాలి.

వచ్చే దసరాకు ఒక నియమం పెట్టుకుందాం. పదును పెట్టని పనిముట్టుకు పసుపు పెట్టొద్దు. ధర్మాబాద్‌లో, బిలోలిలో, దెగ్లూర్‌లో మీ అటకల మీద కూడా ఇట్లాంటి సంచులుంటే దించండి. ఇంట్లో పెద్దవాళ్లు ఏ పనిముట్టును ఏమని పిలిచేవారో ఇప్పుడే అడిగి రాసుకోండి.