ముందు తప్పు పట్టుకోండి.. తర్వాతే టీవీ పెట్టండి

మొన్న మా ఫ్రెండ్ ఒకడు ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు స్కూల్లో డెమో క్లాసు ఉందంటే, నంద్యాల నుంచి పొద్దున బస్సుకు వాడితో పాటు నేనూ వెళ్లాను. మూడో తరగతి, లెక్కలు, అప్పు తెచ్చుకునే తీసివేతలు. వాడు రెండు రాత్రులు కూర్చొని యానిమేషన్ వీడియో తయారుచేసుకున్నాడు. నన్ను వెనక బెంచీలో కూర్చోనిచ్చారు. వీడియో చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. మావాడి ముఖం వెలిగిపోయింది. అప్పుడు హెడ్ మేడమ్ లేచి బోర్డు మీద 42 - 17 వేసి, నోటుబుక్కుల్లో చేయమన్నారు. సగం మందికి పైగా 35 అని రాశారు.

"వీడియో బాగుంది బాబూ.. పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారో నీ లెసన్ ప్లాన్‌లో రాసుకున్నావా?" అని అడిగారామె. వాడి దగ్గర సమాధానం లేదు. ఆ ఉద్యోగం రాలేదు.

తిరుగు ప్రయాణంలో నాకర్థమైంది ఒక్కటే. మనలాంటి ఇంజినీరింగ్ వాళ్లు టెక్నాలజీతో మొదలుపెట్టి పాఠం దగ్గరికి వస్తాం. రావాల్సింది అటు నుంచి ఇటు.

ఆ 35 ఎలా వచ్చిందో చూడండి. పిల్లలు లెక్క రాక ఊరికే ఏదో రాయలేదు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేశారు, 5 వచ్చింది. 4 లోంచి 1 పోతే 3. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలన్నది వాళ్ల రూలు. 42లో ఉన్న 4 అంటే నాలుగు పదులనీ, అందులో ఒక పదిని విప్పి పది ఒకట్లుగా మార్చుకోవచ్చనీ వాళ్ల చేతికి ఇంకా తెలియలేదు. వీడియోలో అంకెలు ఎంత అందంగా ఎగిరినా ఆ ఖాళీ నిండదు.

మరి లెసన్ ప్లాన్ ఎలా ఉండాలి? ఉదాహరణకు నలభై నిమిషాల పీరియడ్ తీసుకుందాం. మొదటి ఐదు నిమిషాలు మూడు లెక్కలిచ్చి ఎవరు ఏ తప్పు చేస్తున్నారో చూడాలి. తర్వాత పది నిమిషాలు చేతిపని. పుల్లలను పదేసి కట్టలుగా కట్టి ఇవ్వాలి. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. పదిహేడు తీయమంటే పిల్లాడే ఒక కట్ట రబ్బరు బ్యాండు విప్పుతాడు. టీవీ ఆన్ చేయాల్సింది అప్పుడు, అంటే పదిహేనో నిమిషంలో. ఇప్పుడే చేత్తో విప్పిన కట్ట తెర మీద విడిపోతుంటే, పక్కన బోర్డు మీద 4ను కొట్టేసి 3 రాస్తే, ఆ కొట్టివేతకు అర్థం తెలుస్తుంది. తెర పని ఏడెనిమిది నిమిషాలే. మిగతా టైమంతా నోటుబుక్కు, చివర్లో మళ్లీ మూడు లెక్కలు. ఎవరి తప్పు పోయింది, ఎవరిది ఉండిపోయింది అన్నది ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించుకుంటే రేపటి ప్లాన్ అక్కడి నుంచే మొదలవుతుంది. నన్నడిగితే, చిన్న క్లాసుల్లో టెక్నాలజీ చేసే అసలు మేలు ఈ స్ప్రెడ్‌షీటే.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ముందు చేతలు, తర్వాత బొమ్మలు, ఆ తర్వాతే గుర్తులు అని జెరోమ్ బ్రూనర్ 1960లలోనే చెప్పారు. సబ్జెక్టు, బోధన, టెక్నాలజీ ఈ మూడూ కలిసే చోటే టీచర్ నైపుణ్యం ఉంటుందని పున్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో రాశారు. దాన్నే టీప్యాక్ అంటారు. ఇంటర్వ్యూలో ఈ పేర్లు చెప్పడం కన్నా, మీ ప్లాన్‌లో అవి ఎక్కడున్నాయో చూపించడం మేలు.

పరికరాలకు ఇప్పుడు కొరత తక్కువ. నాడు-నేడు కింద మన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2017లో మొదలైన దీక్షా యాప్‌తో పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కంటెంట్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు భిన్నాల పాఠానికి బాగా పనికొస్తాయి, నెట్ లేకపోయినా నడుస్తాయి. అయినా కరెంటు పోతే ఏం చేస్తారో ప్లాన్‌లో ఒక లైను రాసుకోండి. పుల్లల కట్టలకు ఛార్జింగ్ అక్కర్లేదు.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు కంప్యూటర్ ఆధారిత పరీక్ష పెట్టారు. అందులో డెమో ఉండదు కానీ, ఎస్జీటీ పరీక్షలో కంటెంట్‌తో పాటు మెథడాలజీ ఉంటుంది. ఒక విషయం గుర్తుంచుకోండి. బీఈడీతో ఎస్జీటీ పోస్టుకు వెళ్లలేం. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పుతో అది తేలిపోయింది. ప్రైమరీ టీచర్ కావాలంటే డీఈఎల్ఈడీ, టెట్ పేపర్-1 కావాలి. ఈ దారి తెలియక ఏళ్లు పోగొట్టుకోవద్దు. ప్రైవేటు స్కూళ్లలో, ఎడ్‌టెక్ కంపెనీల కంటెంట్ ఉద్యోగాల్లో మాత్రం డెమో, శాంపిల్ పాఠం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. అక్కడ పది యాప్‌ల పేర్లున్న రెజ్యూమె కన్నా, పిల్లల తప్పుతో మొదలయ్యే మూడు లెసన్ ప్లాన్లు బరువు తూగుతాయి.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లాడికీ చదవడం, ప్రాథమిక లెక్కలు రావాలని నిపుణ్ భారత్ 2021లో పెట్టుకున్న గడువు 2026-27. ఆ పని తెరలు చేయవు, టీచర్లే చేయాలి. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర ఇప్పుడు కటింగ్ మెషీన్లు ఉన్నాయి. అయినా రాయి మీద గీత గీసుకోకుండా ఎవరూ మెషీన్ ఆన్ చేయరు.

మావాడు ఇంకో స్కూల్లో డెమోకు సిద్ధమవుతున్నాడు. ఈసారి వీడియో జోలికి పోకుండా, పక్కింటి పిల్లలు నలుగురికి తీసివేతలిచ్చి వాళ్ల తప్పులు రాసుకుంటున్నాడు. మీరూ ఈ ఆదివారం ఆ పని చేయండి. 42 - 17 ఇవ్వండి. 35 వస్తే "తప్పు" అనకండి, "ఎలా చేశావు?" అని అడగండి. ఆ పిల్లాడు చెప్పే జవాబే మీ లెసన్ ప్లాన్‌లో మొదటి లైను.